పలువరుసకు పింగాణి తొడుగు
దంత వెనీర్లను గూర్చి ప్రజలు తెలిసికొనదగిన విషయములు

మనుష్యుడు మాటలాడునప్పుడును, నవ్వునప్పుడును ఎదుటివారికి కనబడునవి పైవరుసలోని ముందు దంతములు. అవి గోధుమరంగు చారలతో నున్నను, అంచులు విరిగియున్నను, వాటి నడుమ సందులున్నను, పలువురు నలుగురిలో నోరు విప్పుటకు జంకుదురు. ఫ్లోరైడు నీటి గ్రామములలో పెరిగిన యువతీయువకులు చేయి అడ్డము పెట్టుకొని నవ్వుట నేటికిని చూడవచ్చును. పెండ్లిచూపులయందును, ఉద్యోగపు ఇంటర్వ్యూలయందును ఈ సంకోచము వారిని మరింత బాధించును. ఇది కేవలము అలంకారమునకు సంబంధించిన చిన్న విషయమని కొట్టివేయరాదు.

ఇట్టివారికి దంతవైద్యశాస్త్రము చూపుచున్న ఉపాయములలో పింగాణి వెనీరు ఒకటి. తగినవారికి, తగిన వైద్యుడు, తగిన రీతిని అమర్చినచో ఇది మేలైన చికిత్సయే. కాని పెక్కు సందర్భములలో దీనికొరకు ఆరోగ్యవంతమైన దంతమును కొంత అరుగదీయవలసియుండును. అరుగదీసిన భాగము మరల పెరుగదు. కావున నిర్ణయము చేయుటకు ముందు ఈ చికిత్స స్వభావము, లాభనష్టములు, దీనికంటె సులభమైన మార్గములు తెలిసికొనుట అవసరము.

1. దంతము యొక్క నిర్మాణము

చిగురు పైకి కనబడు దంతమునకు మూడు భాగములు కలవు. పైపొర ఎనామెలు. దాని లోపల డెంటిన్ అను పదార్థము. నడుమ రక్తనాళములును, నాడులును గల మెత్తని గుజ్జు.

మన పాఠ్యపుస్తకములలో ఎనామెలును "పింగాణి పొర" అని వ్రాయుట కలదు. ఈ పుస్తకములో మాత్రము సహజమైన పైపొరను ఎనామెలు అనియు, ప్రయోగశాలలో తయారుచేయు కృత్రిమ పదార్థమును పింగాణి అనియు పేర్కొనబడును. చదువరులు ఈ భేదమును గమనింపవలెను.

మానవశరీరమున ఎనామెలుకంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. దాని బరువులో సుమారు 96 వంతులు ఖనిజములే. అయినను అది మిక్కిలి పలుచనిది. ముందు దంతపు అంచు దగ్గర దాని మందము సుమారు ఒక మిల్లీమీటరు. చిగురు సమీపమున అర మిల్లీమీటరు కంటెను తక్కువ. దానియందు నాడులు లేవు. కావున దానిని తాకినను నొప్పి తెలియదు.

ఎనామెలును నిర్మించు జీవకణములు దంతము చిగురును చీల్చుకొని బయటికి వచ్చునాటికి నశించును. చర్మము తెగినచో మానును. ఎముక విరిగినచో అతుకును. ఎనామెలు పోయినచో దానిని మరల నిర్మించు శక్తి శరీరమునకు లేదు. ఈ ఒక్క విషయము మనసునందుంచుకొన్నచో ఈ పుస్తకమున చెప్పబోవు జాగ్రత్తలన్నియు తేలికగా బోధపడును.

డెంటిన్ కొంచెము పసుపు వన్నె కలిగియుండును. ఎనామెలు కొంతవరకు పారదర్శకమగుటచే ఈ వన్నె పైకి కనబడును. కావున సహజమైన దంతము సున్నమువలె తెల్లగా నుండదు. వయస్సు పెరిగినకొలది ఎనామెలు అరిగి, దంతము మరికొంత పచ్చబారుట సహజము. అది వ్యాధి కాదు. డెంటిన్ నిండ అతిసూక్ష్మమైన నాళములు కలవు. పైపొర పోయి డెంటిన్ బయటపడినచో చల్లనినీరు తగిలినంతనే పన్ను జివ్వుమనుటకు కారణమిదియే.

2. మచ్చలు ఏల కలుగును?

దంతముల మచ్చలు రెండు విధములు: పైమచ్చలు, లోమచ్చలు.

తేనీరు, కాఫీ, తమలపాకు, వక్క, చుట్ట, బీడీ, గుట్కా మున్నగువాటివలన కలుగునవి పైమచ్చలు. ఇవి గారతో కలిసి దంతముపై అంటుకొనియుండును. దంతవైద్యుడు గార తీసి మెరుగుపెట్టినచో ఇవి చాలవరకు తొలగిపోవును. వీటికొరకు వెనీరు వేయించుకొనుట గోడ కడిగించుటకు మారు గోడకు క్రొత్త రాతిపలకలు అతికించుటవంటిది.

లోమచ్చలు దంతము తయారగుచున్నప్పుడో, ఆ తరువాత లోపలి భాగమునకు హాని కలిగినప్పుడో ఏర్పడును. దెబ్బ తగిలి గుజ్జు చచ్చిపోయినచో ఆ ఒక్క దంతము నల్లబడును. ఎనిమిది సంవత్సరములలోపు పిల్లలకు గాని, నిండుతున్న గర్భిణులకు గాని టెట్రాసైక్లీన్ జాతి మందు లిచ్చినచో బిడ్డల దంతములు బూడిదవన్నె లేక గోధుమవన్నె పొందవచ్చును.

మన దేశమున లోమచ్చలకు ముఖ్యకారణములలో ఒకటి ఫ్లోరైడు. కొన్ని జాతుల రాళ్లనుండి ఈ లవణము భూగర్భజలములో కరగును. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించి, అచ్చటి ప్రజల ఎముకలకును దంతములకును కలిగిన వైకల్యమునకు బావినీటిలోని అధిక ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. ఉమ్మడి నల్లగొండ జిల్లా ప్రజలు దశాబ్దముల తరబడి అనుభవించిన కష్టము తెలుగువారికి విదితమే. రాజస్థానము, గుజరాతు, కర్ణాటకము, తమిళనాడు మొదలగు పెక్కు రాష్ట్రములలో కూడ ఈ సమస్య కలదు.

భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిది. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింపవచ్చును. ఇంతకు మించిన నీటిని బాల్యమునందు నిత్యము త్రాగినచో, చిగురు లోపల తయారగుచున్న ఎనామెలు సరిగా గట్టిపడదు. అట్టి దంతము బయటికి వచ్చినప్పుడు దానిపై సున్నపుచారలవంటి తెల్లని గీతలు కనబడును. క్రమముగా ఆ గీతలు ఆహారపానీయములలోని రంగులను పీల్చి గోధుమవన్నె పొందును. వ్యాధి తీవ్రమైనచో గుంటలు పడి ఎనామెలు పెచ్చులుగా ఊడును.

ఈ మచ్చలు వంశదోషము కాదు, అంటువ్యాధి కాదు, దంతధావనము చేయని అశ్రద్ధవలన వచ్చినవియు కాదు. ఇది నీటి దోషము. మచ్చలు గల యువతి సంతానమునకు, ఆ సంతానము మంచినీరు త్రాగి పెరిగినచో, అట్టి మచ్చలు రావు. పెండ్లిసంబంధములు చూచు పెద్దలు ఈ సంగతి గ్రహింపవలెను.

3. వెనీరు అనగా నేమి?

ముందు దంతపు బయటివైపున అతికించు పలుచని పెంకు వెనీరు. వ్రేలికి గోరు ఎట్లో దంతమునకు వెనీరు అట్లు. దాని మందము సాధారణముగా 0.3 నుండి 0.7 మిల్లీమీటర్ల వరకు ఉండును. దీనిని పింగాణితో గాని, రెసిన్ అను మిశ్రమ పదార్థముతో గాని చేయుదురు. ప్రజలు "క్యాపు" అని పిలుచు పూర్తి తొడుగు వేరు. క్యాపు దంతమును నలువైపుల కప్పును. దానికొరకు దంతమును చుట్టును చెక్కవలెను. వెనీరుకొరకు చెక్కునది అంతకంటె చాల తక్కువ. వెనీరు వేయుదుమని చెప్పి క్యాపులు వేయు సందర్భములు లేకపోలేదు. ఈ తేడాను ముందే అడిగి తెలిసికొనవలెను.

ఈ చికిత్స చలనచిత్రములతో ఆరంభమైనది. 1928 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున చార్లెస్ పింకస్ అను దంతవైద్యుడు నటీనటుల దంతములు తెరపై చక్కగా కనబడుటకై పలుచని తొడుగులను తాత్కాలికముగా అంటించెడివాడు. చిత్రీకరణ ముగిసినంతనే వాటిని తీసివేయుదురు. దంతమునకు గట్టిగా అంటుకొను జిగురు నాడు లేదు.

1955లో మైకేల్ బ్యూనకోర్ అను శాస్త్రజ్ఞుడు ఎనామెలుపై ఫాస్ఫారికామ్లము పూసి కడిగినచో దాని ఉపరితలము సూక్ష్మముగా గరుకుదేరి, రెసిన్ దానికి గట్టిగా పట్టుకొనునని కనుగొనెను. తరువాత రాఫెల్ బోవెన్ కృషిచే మేలైన రెసిన్లు వెలువడెను. 1983లో సైమన్సెన్, కలామియా అనువారు పింగాణి లోపలివైపును హైడ్రోఫ్లోరికామ్లముతో గరుకుచేసినచో దానికిని రెసిన్ బలముగా అంటునని చూపిరి. ఇట్లు ఒకవైపు దంతము, మరియొకవైపు పింగాణి, నడుమ రెసిన్ కలిసి ఒకే ముక్కవలె నిలుచుట సాధ్యమైనది.

ఈ చరిత్రవలన ముఖ్యమైన సంగతి యొకటి తెలియుచున్నది. వెనీరు బలము పింగాణియందు కొంతయే కలదు. అధికభాగము అతుకునందు కలదు. ఆ అతుకు ఎనామెలుపై మిక్కిలి గట్టిగా నుండును. డెంటిన్‌పై అంత నమ్మదగినది కాదు. కావున ఎనామెలును ఎంత ఎక్కువగా కాపాడినచో వెనీరు అంత ఎక్కువకాలము నిలుచును.

4. ముందుగా ప్రయత్నింపదగిన ఉపాయములు

మంచి వైద్యుడు చిన్న ఉపాయముతో ప్రారంభించి, అది చాలనిచో పెద్దదానికి పోవును. ఆ క్రమము స్థూలముగా ఇట్లుండును.

మొదటిది, గార తీయించి మెరుగు పెట్టించుట. రెండవది, పెరాక్సైడు మందుతో దంతములను తెలుపుచేయుట. దీనిని బ్లీచింగు అందురు. దీనివలన కొందరికి కొన్నినాళ్లు పన్ను జివ్వుమనుట కలుగును. వైద్యుని పర్యవేక్షణయందే చేయించుకొనవలెను. మూడవది, మైక్రోఅబ్రేషన్, బలహీనమైన ఆమ్లమును, మెత్తని రాపిడిపొడిని కలిపి ఎనామెలు పైభాగమున అతిసూక్ష్మమైన పొరను తొలగించుట. ఫ్లోరైడు మచ్చలలో తేలికపాటివి దీనితోనే చాలవరకు తగ్గును. నాల్గవది, తెల్లని మచ్చలలోనికి పలుచని రెసిన్ ద్రవమును ఇంకించుట. ఐదవది, విరిగిన అంచును, చిన్నసందును పంటిరంగు రెసిన్‌తో పూడ్చుట. ఇది ఒక్క పూటలో ముగియును, పాడైనచో బాగుచేయుటయు సులభము. పలువరుస వంకరగా నున్నచో తీగలు గాని, పారదర్శకమైన తొడుగులు గాని పెట్టి సరిచేయుట మేలు. సరిచేయుటకు నెలలు పట్టుననియెడి తొందరచే మంచి దంతములను చెక్కించుకొనరాదు.

ఇవేవియు చాలనప్పుడు వెనీర్ల ఆలోచన చేయవలెను. నిమ్మరసము, బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు మొదలగువాటితో దంతములను తోముట మాత్రము ఉపాయము కాదు. అవి ఎనామెలును కరగించి లేక అరుగదీసి, లోపలి పసుపువన్నెను మరింత బయటపెట్టును.

5. ఎవరికి తగును? ఎవరికి తగదు?

బ్లీచింగునకు లొంగని ముదురు మచ్చలు, గుంటలు పడిన ఎనామెలు, విరిగిన అంచులు, సహజముగా చిన్నవైన దంతములు, కొలదిపాటి సందులు గలవారికి వెనీర్లు తగియుండును. చిగుళ్లు ఆరోగ్యముగాను, దంతములు పిప్పి లేకుండగను, ఎనామెలు చాలినంతగాను ఉండవలెను.

నిద్రలో పండ్లు కొరుకు అలవాటు గలవారికిని, పై క్రింది దంతముల అంచులు ఒకదానితో నొకటి ఢీకొనువారికిని పింగాణి పగులు భయ మెక్కువ. చిగుళ్లనుండి రక్తము కారువారు ముందు ఆ వ్యాధిని నయము చేయించుకొనవలెను. గుట్కా, పొగాకు మానలేనివారికి అంచులవద్ద మచ్చలేర్పడి, చిగుళ్లు దిగజారి, పని శీఘ్రముగా చెడును. ఎనామెలు చాలవరకు పోయినచోట అతుకు నిలువదు. అట్టివారికి క్యాపే మేలు కావచ్చును. పదునెనిమిది సంవత్సరములు నిండనివారికి సాధారణముగా వెనీర్లు వేయరాదు. లేతవయస్సున గుజ్జు గది పెద్దదిగా నుండును, చిగుళ్లు ఇంకను తమ స్థానమునకు రావు.

ఫ్లోరైడు సోకిన దంతములయందు ఇంకొక చిక్కు కలదు. వాటి పైపొర ఆమ్లమునకు తేలికగా లొంగదు. లోపలిపొర మెత్తగా నుండును. అతుకు సరిగా పట్టుటకు ఆమ్లమును మరికొంతసేపు ఉంచుటయో, పైపొరను స్వల్పముగా తీయుటయో చేయవలసివచ్చును. ఇట్టి దంతములకు పూర్వము చికిత్స చేసిన అనుభవము గల వైద్యుని ఎన్నుకొనుట మంచిది.

6. ఒక ఉదాహరణము

ఫ్లోరైడు గ్రామమున పెరిగిన ఇరువదిరెండేండ్ల యువతికి పెండ్లి నిశ్చయమైనదనుకొందము. ముహూర్తమునకు ఇరువది దినములు గలవు. పైవరుసలో నాలుగు దంతములపై గోధుమచారలు, ఇరుప్రక్కల దంతములపై తెల్లని గీతలు కలవు. పట్టణమున ఒకచోట, నాలుగు దినములలో పది దంతములకు వెనీర్లు వేసి మిలమిలలాడు తెలుపు తెప్పింతుమని చెప్పిరి. ఇంటివారు అప్పుచేసియైనను చేయింప నిశ్చయించిరి.

ఇచ్చట ఒక లెక్క వేసి చూడవలెను. వెనీరు పదునైదేండ్లు నిలుచుననుకొన్నను, ఆమెకు ముప్పదియేడవ యేట ఒకసారి, ఏబదిరెండవ యేట మరొకసారి, అరువదియేడవ యేట ఇంకొకసారి వాటిని మార్పింపవలసియుండును. మార్చిన ప్రతిసారియు దంతము మరికొంత తరుగవచ్చును. పది దంతములకు నేడు పెట్టు ఖర్చు ఒక్కసారితో తీరునది కాదు, జీవితాంతము వెంటవచ్చునది.

అదే యువతి వేరొక వైద్యుని చూచినచో ఆయన ముందు గార తీసి, మైక్రోఅబ్రేషన్, ఆపై బ్లీచింగు చేయును. తెల్లని గీతలు చాలవరకు కలిసిపోవును. గోధుమచారలు రెండు దంతములపై ఇంకను మిగిలినచో వాటిపై రెసిన్ పూత వేయును. పెండ్లినాటికి ఆమె నిస్సంకోచముగా నవ్వగలుగును; ఎనామెలు దాదాపుగా మిగిలియే యుండును. ముందుముందు వెనీరు అవసరమైనచో ఆ మార్గము తెరచియే యున్నది. వెనీర్లు వేయించుకొన్న పిదప వెనుకకు వచ్చు మార్గము మాత్రము లేదు. శుభకార్యపు తొందర ఎంతటిదైనను ఈ భేదమును మరువరాదు.

7. పని జరుగు విధము

మొదటి దర్శనమున వైద్యుడు దంతములను, చిగుళ్లను, కొరుకు తీరును పరీక్షించి, ఎక్స్‌రేలు, ఛాయాచిత్రములు తీయించి, అచ్చు తీసికొనును. ఆ అచ్చుపై మైనముతో క్రొత్త ఆకారమును తీర్చి, దాని ప్రకారము రోగి నోటిలోనే తాత్కాలిక నమూనాను పెట్టి చూపవచ్చును. ఈ నమూనా చూచిన పిదప మనసు మార్చుకొన్నను నష్టము లేదు; దంతము ఇంకను చెక్కబడలేదు. కావున నమూనా చూపుమని అడుగుటకు సంకోచింపరాదు.

రంగును పగటివెలుతురున, దంతములు తడిగా నుండగనే ఎన్నుకొనవలెను. ఎండిన దంతము నిజముకంటె తెల్లగా కనబడును. మిక్కిలి తెల్లని రంగు కోరుటకంటె క్రింది దంతములతోను, ముఖవర్ణముతోను కలిసిపోవు రంగే శోభించును. వెనీరు వేసిన తరువాత బ్లీచింగుతో దాని రంగు మారదు; కావున తక్కిన దంతములను తెలుపుచేయదలచినచో ఆ పని ముందే ముగింపవలెను.

రెండవ దర్శనమున, అవసరమైనచో మత్తుసూది నిచ్చి, ఎనామెలును కొలతప్రకారము పలుచగా తీయుదురు. తరువాత అచ్చు తీసి దంతప్రయోగశాలకు పంపుదురు. కొన్నిచోట్ల అచ్చునకు మారు యంత్రముతో నోటిచిత్రము తీయుదురు. ప్రయోగశాలయందు ఫెల్డ్‌స్పార్ పింగాణితోనో, లిథియం డైసిలికేటు అను గట్టిపింగాణితోనో వెనీర్లను తయారుచేయుదురు. దీనికి సాధారణముగా ఒకటి రెండు వారములు పట్టును. అంతవరకు తాత్కాలిక తొడుగులుండును. వాటితో గట్టిపదార్థములు కొరుకరాదు.

చివరి దర్శనమున వెనీర్లను అతికింపకయే పెట్టి చూపుదురు. రంగును, ఆకారమును నచ్చనిచో చెప్పవలసిన సమయమిదియే. అంగీకరించిన పిదప వెనీరు లోపలివైపును, దంతపు ఎనామెలును ఆమ్లముతో గరుకుచేసి, కడిగి, ఆరబెట్టి, రెసిన్ జిగురుతో అంటించి, నీలికాంతితో గట్టిపరతురు. ఈ సమయమున ఉమ్మి గాని, రక్తము గాని తగిలినచో అతుకు చెడును. చిగుళ్లు ముందే ఆరోగ్యముగా నుండవలెననుటకు ఇదియు నొక కారణము. తుదకు మిగిలిన జిగురును తీసివేసి, కొరుకు తీరును సరిచూతురు.

8. ఆయుఃప్రమాణమును, నష్టములును

చక్కగా అమర్చిన పింగాణి వెనీర్లలో పదింట తొమ్మిది పదేండ్ల పిదపకూడ నిలిచియుండుట దీర్ఘకాల పరిశీలనలలో కనబడినది. ఐనను వాటిలో కొన్నిటికి నడుమ మరమ్మతు కావలసివచ్చును. శాశ్వతముగా నిలుచునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు.

కలుగదగిన నష్టములు ఇవి: పింగాణి అంచు పగులుట; అతుకు వదలి ఊడుట; అంచువద్ద మచ్చ లేక పిప్పి ఏర్పడుట; చిగురు దిగి అంచు బయటపడుట; పన్ను జివ్వుమనుట. లోతుగా చెక్కినచో గుజ్జు దెబ్బతిని వేరుచికిత్స అవసరమగును. రంగు నచ్చకున్నను మార్చుటకు వెనీరును అరుగదీసి తీయుటతప్ప గత్యంతరము లేదు. అందముకొరకు చేయించుకొను దంతపనులకు ఆరోగ్యబీమా సాధారణముగా వర్తింపదు. కావున మార్పించు ఖర్చును కూడ ముందే లెక్కవేసికొనవలెను.

9. ఎవరివద్ద చేయించుకొనవలెను?

చట్టము ప్రకారము రాష్ట్ర దంతవైద్య మండలి పట్టికలో పేరు నమోదైనవారికే దంతవైద్యము చేయు అధికారము కలదు. దంతవిద్య, దంతవృత్తుల నియంత్రణను క్రొత్తరీతిని తీర్చుటకై పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టమును ఆమోదించినది. వైద్యుని నమోదుసంఖ్య అడుగుట అమర్యాద కాదు; అది రోగి హక్కు.

"కాస్మెటిక్ డెంటిస్టు" అను పేరు బోర్డులపై తరచుగా కనబడును. మన దేశమున అది ప్రత్యేకమైన పట్టభద్రశాఖ పేరు కాదు. బి.డి.ఎస్. పట్టముగల దంతవైద్యుడు వెనీర్లు అమర్పవచ్చును. కృత్రిమదంత శాఖలో గాని, దంతసంరక్షణ శాఖలో గాని ఎం.డి.ఎస్. చదివినవారు ఈ పనియందు ప్రత్యేకశిక్షణ పొందినవారు. సౌందర్యశాలలలోను, రోడ్డుప్రక్కలను, ఇంటికివచ్చి అంటించు శిక్షణలేనివారివద్దను ఈ పని చేయించుకొనరాదు. శుభ్రపరచని పనిముట్లవలన కామెర్ల జాతి వ్యాధులు సోకవచ్చును. తెలియని జిగురు దంతమును, చిగురును పాడుచేయును.

నిర్ణయమునకు ముందు వైద్యుని ఈ ప్రశ్నలు అడుగవలెను:

(అ) నా దంతములకు వెనీరుకంటె చిన్న ఉపాయము లేదా?
(ఆ) ఎన్ని దంతములకు అవసరము? ఏల?
(ఇ) ఎంత మందము చెక్కుదురు? ఎనామెలు లోపలనే పని ముగియునా?
(ఈ) వేయునది వెనీరా, క్యాపా?
(ఉ) చెక్కకముందు నమూనా చూపుదురా?
(ఊ) పగిలినను, ఊడినను ఏమి చేయుదురు? ఎంత ఖర్చు?

వీటికి ఓపికతో, కాగితముపై వ్రాసి సమాధానమిచ్చు వైద్యుని నమ్మవచ్చును. నేడే బయానా కట్టుమని తొందరపెట్టుచోటినుండి లేచివచ్చి, మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనవలెను.

10. పిదప తీసికొనవలసిన జాగ్రత్తలు

వెనీరు పింగాణియైనను దాని వెనుకనున్నది సహజమైన దంతమే. దానికి పిప్పి పట్టవచ్చును. ఉదయము, రాత్రి మెత్తని కుంచెతోను, ఫ్లోరైడుగల పేస్టుతోను తోమి, దంతముల నడుమ దారముతో శుభ్రపరచుకొనవలెను. గరుకు పండ్లపొడి వాడరాదు. చెరకుగడను పంటితో చీల్చుట, వక్కలు పగులగొట్టుట, గోళ్లు కొరుకుట, సీసామూతలు తీయుట, దారము తెంపుట మానవలెను. జామ, మొక్కజొన్న పొత్తు మొదలగువాటిని కోసి లేక గింజలు ఒలిచి వెనుక దంతములతో నమలవలెను. నిద్రలో పండ్లు కొరుకువారు వైద్యుడు చేసియిచ్చు రాత్రితొడుగును వాడవలెను. ఆరుమాసములకొకసారి పరీక్ష చేయించుకొనవలెను. వెనీరు ఊడినచో ఇంటిలోని జిగురుతో అంటింపక, దానిని భద్రపరచి వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

11. రాబోవు తరము దంతములు

మచ్చలు పడిన దంతమునకు తొడుగు వేయుటకంటె మచ్చ పడకుండ చూచుట వేయిరెట్లు మేలు. ముందుకు కనబడు శాశ్వతదంతముల ఎనామెలు శైశవమునుండియే తయారగును. ఎనిమిదేండ్లు నిండులోపల త్రాగిన నీటి ప్రభావమే దంతములపై నిలుచును. ఎనామెలు పూర్తిగా తయారైన పిదప దానికి ఈ మచ్చలు క్రొత్తగా రావు. కావున గ్రామమున మంచినీరు కొంచెమే దొరకినచో అది ముందుగా గర్భిణులకును, పసిపిల్లలకును ఈయవలెను. వారి వంటకును ఆ నీటినే వాడవలెను.

నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని పలువురు తలంతురు. అది పొరపాటు. కాచినప్పుడు నీరు ఆవిరియై తగ్గును గాని ఫ్లోరైడు అంతయు మిగిలి, మరింత చిక్కబడును. మామూలు వడపోతగుడ్డ గాని, కొవ్వొత్తి ఫిల్టరు గాని దానిని తీయజాలదు. నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనాసంస్థ 1970వ దశకమున పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని రూపొందించినది. అది "నల్లగొండ పద్ధతి" అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. నదులు, జలాశయముల నీటిని శుద్ధిచేసి ఇంటింటికి చేర్చుట మరింత స్థిరమైన ఉపాయము. ఫ్లోరోసిస్ నివారణకై కేంద్రప్రభుత్వము 2008-09లో జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. బావినీటిపై అనుమానమున్నచో గ్రామపంచాయతీ ద్వారా నీటిని పరీక్ష చేయింపవలెను.

మూడేండ్లలోపు పిల్లలకు పేస్టు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణీగింజంత చాలును. మ్రింగక ఉమ్మునట్లు నేర్పవలెను.

12. జ్ఞాపకముంచుకొనవలసినవి

ఎనామెలు ఒకసారి పోయినచో తిరిగిరాదు. పైమచ్చలకు గార తీయించుట చాలును. తేలికపాటి లోమచ్చలకు చెక్కుట అవసరములేని మార్గములు కలవు. అవి చాలనప్పుడు, నమోదైన దంతవైద్యునిచే, అవసరమైనన్ని దంతములకు మాత్రమే వెనీర్లు వేయించుకొనవలెను. వేయించుకొన్నవారు వాటిని జీవితాంతము కనిపెట్టి చూచుకొనవలెను. ఫ్లోరైడు మచ్చలు గలవారిని ఎగతాళి చేయుట అజ్ఞానము. వారు త్రాగిన నీరు ఎట్టిదో తెలిసికొని, వారి బిడ్డలకైనను మంచినీరు అందునట్లు చూచుట ఎల్లర బాధ్యత.